దండం పెట్టమంటే కనబడే గాయం

కాశీబుగ్గలో నేను ఎముకల ఆసుపత్రి పెట్టిన కొత్తలో, లోపలికి వచ్చినవాళ్లలో సగం మంది నన్ను చూసి, "డాట్రుగారు నేరా తల్లీ?" అని అడిగేవారు. చీర కట్టుకున్న మనిషి విరిగిన ఎముకను లాగి కడుతుందంటే నమ్మకం కుదిరేది కాదు. ఒక పెద్దాయనైతే బల్ల మీద పడుకుని కూడా, "ఆడకూతురివి, నీకు అంత సత్తువేదమ్మా?" అని వాదించాడు. తప్పిన భుజాన్ని అక్కడికక్కడే లాగి కూర్చోబెట్టాను. ఆ తర్వాత మందస నుంచి ఇచ్ఛాపురం దాకా నాకు ప్రచారం చేసిపెట్టింది ఆయనే.

నా చేతి మీద నాకు మొదటినుంచీ నమ్మకం. ఆపరేషన్ బల్ల దగ్గర వినయం ఎందుకూ పనికిరాదు, జాగ్రత్త పనికొస్తుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకునే కుర్ర డాక్టర్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు ఆసుపత్రి వేరేవాళ్లకు అప్పగించి టెక్కలిలో మా నాన్న కట్టిన ఇంట్లో ఉంటున్నాను. ఈ వైపు కొత్తగా వస్తున్న ఎముకల డాక్టర్లు అప్పుడప్పుడు వచ్చి మోకాళ్ల గురించీ తుంటి గురించీ అడుగుతారు. వాటి మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఎవరూ అడగని గాయం గురించి రాస్తున్నాను. ఛాతీ కండరం చివర ఉండే టెండన్ తెగడం. ఇది ప్రాణం తీయదు, ఎముక విరిగినట్టు ఎక్స్‌రేలో కనబడదు. అందుకే దీన్ని ఇట్టే వదిలేస్తారు.

చొక్కా పూర్తిగా విప్పించండి

ఛాతీ మీద వెడల్పుగా పరుచుకున్న పెద్ద కండరం చంక దగ్గరికి వచ్చేసరికి సన్నబడి, గట్టి పట్టీలా మారి, జబ్బ ఎముకకు అతుక్కుంటుంది. ఆ పట్టీయే టెండన్. మన ఊళ్లలో అందరూ దాన్ని నరం అంటారు. నేనూ వాళ్లతో నరం అనే అన్నాను. సరైన మాట నేర్పడానికి వాళ్లేమీ నా దగ్గరికి రాలేదు కదా.

చంక ముందువైపు చేత్తో పట్టుకుంటే ఒక మందపాటి మడత దొరుకుతుంది. ఆ మడత ఈ కండరానిదే. అది తెగినప్పుడు చెయ్యి కదులుతుంది, వేళ్లు ఆడతాయి, అన్నం కలుపుకోవచ్చు. వాపూ, జబ్బంతా నల్లగా కమిలిన రక్తమూ చూసి డాక్టరు బెణుకు అని రాసి పంపేస్తాడు. వాపు తగ్గాక మనిషి అద్దంలో చూసుకుంటే ఒక పక్క ఛాతీ పల్లంగా ఉంటుంది. అప్పటికి తెగిన చివర లోపలికి ముడుచుకుపోయి, చుట్టుపక్కల కండతో అతుక్కుపోయి ఉంటుంది.

కనిపెట్టడం చాలా సులువు. చొక్కా పూర్తిగా విప్పించండి. ఆడడాక్టరు ముందు చొక్కా విప్పడానికి కండలు తిరిగిన మగాళ్లు పెళ్లికూతురిలా సిగ్గుపడేవారు. ఒక్క చెయ్యి మాత్రం విప్పి, "ఇది సాలదేటి డాట్రమ్మా?" అనేవారు. చాలదు. రెండు పక్కలూ పోల్చి చూడాలి. తర్వాత ఎదురుగా నిలబెట్టి దండం పెట్టించండి. అరచేతులు ఒకదానికొకటి గట్టిగా నొక్కమనండి. బాగున్న వైపు చంక మడత తాడులా లేచి నిలబడుతుంది. తెగిన వైపు మడత ఉండదు. చాలామంది దేవుడికి పెట్టినట్టు మెత్తగా పెడతారు. "దేవుడికి కాదయ్యా, అప్పు అడగడానికి వచ్చినట్టు గట్టిగా పెట్టు" అంటే నవ్వి నొక్కేవారు.

పెద్దసారు మాటల్లో సగం

నాకు పని నేర్పింది విశాఖపట్నంలో ఒక పెద్దసారు. చెయ్యి అద్భుతం, నోరు మాత్రం భరించలేం. కత్తెర తప్పు చేత్తో అందిస్తే నేల మీదకి విసిరేసేవాడు. ఆయన చెప్పినవాటిలో సగం ఇప్పటికీ నాకు వేదం. కండరాన్ని కండరంతో కుట్టాలనుకోకు, మెత్తటి పెరుగులో సూది గుచ్చినట్టే, దారం నిలవదు, టెండన్‌ను పట్టుకుని ఎముకకు కట్టు అనేవాడు. ఎంత నిజమో, చేసినవాళ్లకు తెలుస్తుంది.

మిగతా సగం నాకు నచ్చలేదు. పల్లెల నుంచి వచ్చిన మనిషికి ఛాతీ టెండన్ తెగితే ఆయన కత్తి పట్టేవాడు కాదు. "అన్నం తినగలడు, గోచీ కట్టుకోగలడు, ఇంకేం కావాలి?" అనేవాడు. ముసలివాళ్ల విషయంలో అది సరైన మాటే. కానీ డొంకూరులో తెప్ప మీద వల లాగే మనిషికి, బరువులెత్తి ఉద్యోగం తెచ్చుకోవాలనుకునే కుర్రాడికి అన్నం కలుపుకునే బలం సరిపోదు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "అయితే నీ ఊరెళ్లి నువ్వే కుట్టుకో" అన్నాడు. నేను అదే చేశాను.

డొంకూరు మాట ఎందుకు వచ్చిందంటే, అక్కడి నుంచి ఒక మత్స్యకారుడు వచ్చాడు. వల తాడు చేతికి చుట్టుకుని, అల వెనక్కి లాగినప్పుడు తెగింది. నూనె మర్దనాలతో, ఆకు కట్లతో నెలల తరబడి గడిపేసి ఆ తర్వాత వచ్చాడు. కాలి నుంచి టెండన్ ముక్క తీసి మధ్యలో అతుకు వేయాల్సి వచ్చింది. చెయ్యి పనికి వచ్చింది కానీ పాత బలం రాలేదు. మొదటి మూడు నాలుగు వారాల్లో వస్తే చక్కటి పని, తర్వాత వస్తే మరమ్మతు. ఇది గుర్తుంచుకుంటే కింద చెప్పే సంగతి అర్థమవుతుంది.

పసుపు రాసిన రాయి

ఢిల్లేశ్వరరావుది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఊరందరికీ ఢిల్లేసు. తండ్రి లోకనాథం కొబ్బరితోటల్లో కాయలు దింపే పని చేసేవాడు. కిడ్నీలు పాడై, అప్పటికే పలాస వచ్చి డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. తల్లి పార్వతి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టే కూలీ. జీడి నూనెకు ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. కుర్రాడు కాశీబుగ్గ జిమ్ములో బరువులెత్తుతూ రైల్వేలో క్రీడాకారుల ఉద్యోగం కోసం తయారవుతున్నాడు. ఆ ఇంటికి మిగిలిన ఆశ ఆ ఉద్యోగమే.

వాళ్ల ఊరి అమ్మవారి సంబరంలో రాయి ఎత్తే పందెం ఉంది. గుండ్రటి పెద్ద రాయి. దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. పందెం రాయే అయినా అది అమ్మవారిదే. అందుకే ఎత్తినవాడు దాన్ని పడేయకూడదు. భుజం దాకా లేపి, మళ్లీ చేతులతో నెమ్మదిగా నేల మీద పెట్టి, దండం పెట్టుకోవాలి. పడేస్తే ఓడిపోవడం కంటే పెద్ద తలవంపు.

ఈ ఆచారంలో ఉన్న చిక్కు మీకు చెప్పాలి. ఛాతీ కండరం బరువు ఎత్తేటప్పుడు సాధారణంగా తెగదు, దించేటప్పుడు తెగుతుంది. బిగిసి ఉన్న కండరాన్ని బరువు లాగి సాగదీస్తున్న క్షణంలో. ఢిల్లేసు రాయిని చక్కగా ఎత్తాడు, జనం ఈలలు వేశారు. దించేటప్పుడు పసుపు నీళ్లకు రాయి జారింది. ఇంకెవరైనా అయితే పక్కకి తప్పుకునేవాడు. ఇతను అమ్మవారి రాయి పడకూడదని కుడిచేత్తో ఒడిసిపట్టాడు.

"గుడ్డ సింపినట్టు సప్పుడొచ్చినాది డాట్రమ్మా" అన్నాడు నాతో. "అయినా రాయి పడనివ్వనేదు."

"రాయి క్షేమం. నీ సంగతి చూద్దాం, దండం పెట్టు" అన్నాను.

ఎడమ చంకలో మడత లేచింది. కుడి చంకలో ఏమీ లేదు. శ్రీకాకుళంలో తీయించిన ఎమ్మారై కూడా అదే చెప్పింది. టెండన్ ఎముక దగ్గరే పూర్తిగా ఊడింది. వెంటనే వచ్చాడు, వయసులో ఉన్నాడు. ఇంతకంటే మంచి కేసు దొరకదు. నాలుగు రోజుల్లో కుట్టేద్దామని చెప్పాను.

ఉద్దానంలో ఆ అంకె

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తాం కదా. కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ ఉండాల్సిన గీత కంటే కొంచెం పైన వచ్చింది. వేరే ఊళ్లో అయితే మళ్లీ చేయించి ముందుకు పోతారు. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఈ ఉద్దానంలో ఆ అంకె సంగతి వేరు. ఇక్కడ బడికెళ్లే పిల్లలకు కూడా ఆ పరీక్ష తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర, టీ కొట్టు దగ్గర ఎవరికి ఎన్ని పాయింట్లో మాట్లాడుకుంటారు.

మత్తు డాక్టరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన్ని తప్పుపట్టను. పార్వతి అయితే కాగితం చూడలేదు, మా మొహాలు చూసింది. అంతే, అర్థమైపోయింది.

"ఈడి నాన్నకీ ఇలగే మొదలైనాది. పాయింటు కొంచిం ఎక్కువుందన్నారు, మరి దిగనేదు. నా గుంటణ్ని కొయ్యనివ్వను డాట్రమ్మా. సెయ్యి పోతే పోనీ, మనిషి ఉంటే సాలు."

ఢిల్లేసు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఒగ్గీయండి. కిడ్నీలే నేకపోతే ఇంక బరువులెందుకు?" అన్నాడు. ఆ వయసు కుర్రాడు అంత చప్పున ఒప్పేసుకోవడం చూస్తే నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. తండ్రిని చూసి చూసి, తన వంతు వస్తుందని ఎప్పుడో సిద్ధపడిపోయి ఉన్నాడు.

వాయిదా వేస్తే టెండన్ ముడుచుకుపోతుంది. తొందరపడితే, నిజంగా జబ్బే ఉంటే మత్తూ మందులూ ప్రమాదం. నేను ఆ రోజు కాగితం పక్కన పడేసి మనిషిని చూశాను. ఒంటి నిండా కండ. క్రియాటినిన్ అనేది కండరం రోజూ వదిలే చెత్త. కిడ్నీలు దాన్ని బయట పారేస్తాయి. కండ ఎక్కువున్న మనిషిలో చెత్త ఎక్కువే ఉంటుంది. తల్లిని బయట కూర్చోమని, అతన్ని ఏం తింటున్నావని అడిగాను. గుడ్లు, కోడి అన్నాడు. ఇంకా? నేల చూపులు చూశాడు.

"జిమ్ములో ఇచ్చిన తెల్లపొడి. కండ గట్టిపడతాదని. అమ్మకి సెప్పొద్దు."

"మీ అమ్మకు చెప్పకపోతే ఆమె నిన్ను బాగుండగానే డయాలిసిస్ మంచం మీద చూస్తోందిరా" అన్నాను.

ఆ పొడి ఒంట్లోకి వెళ్లాక కొంత ఈ చెత్తగానే మారుతుంది. కిడ్నీకి ఏమీ కాకపోయినా అంకె పెరుగుతుంది. అయితే ఇంత తెలిసినా నేను సంబరపడలేదు, మీరూ పడకండి. ఉద్దానం జబ్బు మొదట్లో మూత్రం శుభ్రంగానే ఉండి మోసం చేస్తుంది. మూత్రం బాగుంది కదా అని వదిలేయడానికి లేదు. నాకు తెలిసిన కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేశాను. పొడి ఆపించి మళ్లీ చూడమన్నాడు. కండతో పెద్దగా సంబంధం లేని ఇంకో రక్తపరీక్ష ఉంది, సిస్టాటిన్ అని, అది విశాఖకు పంపమన్నాడు. పొట్ట స్కానింగు చేయించమన్నాడు.

ఇదంతా పార్వతిని కూర్చోబెట్టి చెప్పాను. లావుపాటి కండ ఉన్న మనిషికి ఆ అంకె లేని జబ్బు చూపించగలదు, బక్కపలచటి మనిషికి ఉన్న జబ్బు దాచగలదు అని కూడా చెప్పాను. ఆమె నల్లటి వేళ్లు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"మరి ఈడి నాన్నకి మొదట్లో మంచిగుందనీసినారు కదా. బక్క మనిషే. అప్పుడూ ఇలగే తప్పు సెప్పినాదా?"

మాట దాటేయడం సులువే. కానీ ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పి, ఆ తర్వాత కొడుకు విషయంలో నన్ను నమ్మమని అడగలేను. "అయ్యుండొచ్చు పార్వతీ. అప్పటికే మొదలై ఉండొచ్చు" అన్నాను.

ఆమె లేచి, "అయితే ఈడికి ఆ కొత్త పరీచ్చ సేయించు. నిజం సెప్పీ, ఏదైనా సరే" అంది.

పొడి ఆపాక అంకె గీత లోపలికి దిగింది. విశాఖ నుంచి వచ్చిన పరీక్ష బాగుంది. స్కానింగులో రెండు కిడ్నీలూ ఉండాల్సిన సైజులో ఉన్నాయి. కిడ్నీ డాక్టరు ఏటేటా చూపించుకోమని చెప్పి, కుట్టుకోవచ్చన్నాడు. మత్తు డాక్టరు ఈసారి తల నిలువుగా ఊపాడు. నాకు ఇంకా టైముంది, కొంచెమే.

మెలిక పోనివ్వకండి

ఆపరేషన్‌లో కష్టం కోయడంలో లేదు, వెతకడంలో ఉంది. చంక ముందు కోసి లోపలికి వెళితే గడ్డకట్టిన రక్తం మధ్య టెండన్ ఎక్కడో ముడుచుకుని ఉంటుంది. తొందరపడి దొరికిన పీచునల్లా లాగకండి. వేలితో కండరం వెంట పోతే చివర అదే దొరుకుతుంది. చుట్టూ ఉన్న అతుకులు విడదీసి, నెమ్మదిగా లాగితే వస్తుంది. ఢిల్లేసుది వచ్చినప్పుడు నేను పైకే "రా నాన్నా" అన్నానని నర్సులు తర్వాత ఆటపట్టించారు.

ఇంకొకటి. ఈ టెండన్ ఎముక దగ్గర మెలిక తిరిగి అతుక్కుంటుంది. కింది పోగులు పైన, పై పోగులు కింద. కొబ్బరితాడు పేనేవాళ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మెలిక విప్పేసి చదునుగా కుడితే కట్టు చూడ్డానికి బాగుంటుంది, బలం ఉండదు. ఎముకను గీకి, దారాలున్న చిన్న మేకులు దిగగొట్టి, మెలిక మెలికలాగే ఉంచి కట్టాను. కట్టాక చెయ్యి కదిపి చూస్తే మడత కనిపించింది. ఆ క్షణంలో నాకున్నంత గర్వం ఎవరికీ ఉండకూడదు. అయినా ఉంది.

నొప్పి మాత్రల గురించి వేరేగా చెప్పక్కర్లేదు. ఉద్దానం మనిషికి, అంకె ఎంత బాగున్నా, కిడ్నీ మీద పడే నొప్పి మాత్రలు నేను రాయలేదు. పారాసెటమాల్, ఐసు, భుజం నరాలకు మత్తు సూది. కాస్త ఎక్కువ మూలుగుతారు, తట్టుకుంటారు.

నొప్పి లేదంటే నయమైనట్టు కాదు

మంచి కుట్టును పాడుచేసేది సాధారణంగా కుట్టు వేయించుకున్నవాడే. రెండో వారానికే నొప్పి పోతుంది. అద్దం ముందు నిలబడి చెయ్యి లేపి చూడాలనిపిస్తుంది. ఎముకకు టెండన్ పట్టుకోవడానికి నెలన్నర కావాలి. అప్పటిదాకా చెయ్యి మెడకు తగిలించిన గుడ్డ సంచిలోనే ఉండాలి. ఆటగాళ్లకు ఈ సంగతి చెప్పేటప్పుడు మెత్తగా చెప్పకండి. నేను ఢిల్లేసుతో, "ఒక్కసారి లేపావంటే నేను మళ్లీ కుట్టను, మీ జిమ్ము మాస్టరుతో కుట్టించుకో" అన్నాను.

అంత అవసరం లేకపోయింది. మొదటి పరీక్షకు వచ్చినప్పుడు సంచి మీద పాత చీర ముక్కతో ఇంకో కట్టు ఉంది. "నిద్దట్లో సెయ్యి లేపీగలడని నానే కట్టీసినాను" అంది పార్వతి. ఆమె కొడుకు నావైపు చూసి మూలిగాడు. నేను ఆమె పక్షమే.

తర్వాత చిన్నచిన్న కసరత్తులు, తర్వాత ఖాళీ కడ్డీ, నెలలు గడిచాక బరువు. తెల్లపొడి డబ్బా లోకనాథమే కొబ్బరిచెట్టు మొదట్లో కుమ్మరించాడట. చెట్టుకేమైనా కండ పట్టిందా అని అడిగితే నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను చూడడం అదే మొదలు. మరుసటి ఏడు సెలెక్షన్లకు వెళ్లి ఢిల్లేసు ఉద్యోగం తెచ్చుకున్నాడు.

కొబ్బరి పీచు

ఆ ఏడాది సంబరానికి నన్ను పిలిచారు. మళ్లీ రాయి ఎత్తుతాడని తెలిసి, తిట్టడానికే వెళ్లాను. సంబరం పెద్దలతో కూర్చుని, ఎత్తడం కాదు, చేత్తో దించడమే చేతులు తెంపుతుందని చెప్పాను. రాయిని పడేయనివ్వండి అన్నాను.

"అమ్మోరి రాయిని పడేత్తారేటి డాట్రమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన, చెవులు మూసుకున్నంత పని చేసి.

"ఆవిడకు ఏటా ఇన్ని కొబ్బరికాయలు కొడుతున్నారు. పీచంతా పోగేసి పరుపు వేయండి. మెత్తగా కూర్చుంటుంది. ఆవిడకు మాత్రం కటిక నేల మీద కూర్చోవాలని సరదానా?"

ఆయన నవ్వేసి, "నీతో మాటాడి గెలవనేం తల్లీ" అని పీచు తెప్పించాడు.

ఎండ దిగాక పందెం మొదలైంది. లోకనాథం డయాలిసిస్ లేని రోజది. పార్వతి అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో నా పక్కన కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది. ఢిల్లేసు చొక్కా విప్పి వచ్చాడు. ఈసారి సిగ్గేమీ లేదు. రాయి లేచింది, మోకాలు దాటింది, భుజం మీదికి వచ్చింది. జనం అరుస్తున్నారు. పార్వతి చెయ్యి నా భుజం మీద పడి గట్టిగా పట్టుకుంది. అతను ఒక అడుగు వెనక్కి వేసి చేతులు వదిలేశాడు. రాయి పీచులోకి మెత్తగా దిగింది.

తర్వాత రాయి వైపు తిరిగి దండం పెట్టాడు. నా గదిలో నేర్చుకున్న అలవాటేమో, అరచేతులు గట్టిగా నొక్కిపెట్టాడు. జనమంతా అతని మొహం చూస్తున్నారు. నేను చంకలు చూశాను. రెండు పక్కలా మడతలు లేచి నిలబడ్డాయి, ఒకదానికొకటి తీసిపోకుండా.

లోకనాథం నావైపు వంగి, "మంచిగుందా డాట్రమ్మా?" అని అడిగాడు. తన కాగితాలు పట్టుకుని ఆ ప్రశ్న ఆయన ఎంతమంది డాక్టర్లను అడిగి ఉంటాడో.

"మంచిగుంది లోకనాథం" అన్నాను. "ఇది కాగితం చూసి చెప్పడం లేదు. కళ్లతో చూసి చెబుతున్నాను."